మా పంచాయతీలో పిల్లలు పుట్టడం మానేశారా?

శివారు మనిషి
నవంబరు 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. రాజమండ్రిని ఆనుకుని ఉన్న పంచాయతీ మాది, పేరెందుకులెండి. పదిహేనేళ్ళ కిందట వరి చేలు, ఇప్పుడన్నీ లేఅవుట్లు. మొన్న గ్రామసభలో ఇంకో ఆరోగ్య ఉపకేంద్రం కావాలని అర్జీ పెడదామనుకున్నాం. అర్జీ అంటే అంకెలుండాలి కదా అని పంచాయతీకి వెళ్ళి జనన మరణాల రిజిస్టరు చూపించమన్నాను. పాపం, కాదనకుండా చూపించారు.

కిందటేడు మొత్తానికి ఊళ్ళో నమోదైన జననాలు ఒక చేతి వేళ్ళకి సరిపోయాయి. మరణాలు మాత్రం పేజీలకి పేజీలు. జనం పదివేలకి తక్కువుండరు. సభలో ఈ మాట చెబితే ఒకాయన లేచి "అయితే ఉపకేంద్రం కాదు, వృద్ధాశ్రమం అడగండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదండి. నిజంగా అంత పడిపోయిందా పుట్టుక? లెక్కలు తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కాకినాడ కుర్రోడు
నవంబరు 3, రాత్రి 9:52

అన్నా, నేను అంకెల పిచ్చోణ్ణి, ఆగలేకపోతున్నా. 2001లో తూర్పు గోదావరి జనాభా 49,01,420. 2011లో 51,54,296. పదేళ్ళలో పెరిగింది 5.16 శాతం. పశ్చిమ గోదావరి ఇంకా తక్కువ, 3.51 శాతం పెరిగి 39,36,966 దగ్గర ఆగింది. అదే పదేళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం దాకా, దేశం 17.7 శాతం పెరిగాయి. మన రెండు జిల్లాలూ ఎంత వెనక ఉన్నాయో చూడండి.

ఇంకోటి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకి పిల్లలు సగటున ఆంధ్రాలో 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనని 2024 నవంబరులో ఎత్తేశారంటే ఊరికే ఎత్తేశారా? మీ రిజిస్టరు నిజమే చెబుతోంది అన్నా.

పాత ఎన్యూమరేటరు
నవంబరు 4, ఉదయం 6:20

కుర్రోడా, అంకెలన్నీ ఒప్పే. తేల్చిన మాటే తప్పు.

నేను 1991, 2001, 2011 మూడు జనగణనల్లోనూ అట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగిన బడిపంతుల్ని. అందుకని చెబుతున్నా. శివారు మనిషి గారూ, మీ ఊళ్ళో పదివేల మంది ఉన్నారన్నారు. కొన్ని ఊళ్ళూ వార్డులూ ఎంచి జనన మరణాలు లెక్కగట్టే 2020 నమూనా నమోదు ప్రకారం మన రాష్ట్రంలో వెయ్యి మందికి ఏడాదికి జననాలు 15.7, మరణాలు 6.3. పదివేలకి గుణించుకోండి. పుట్టాల్సింది నూట యాభై పైమాట, పోవాల్సింది అరవై చిల్లర. పుట్టుక ఎంత తగ్గినా నూట యాభై అయిదు వేళ్ళకి రాదు. రోగం ఊరికి కాదు, రిజిస్టరుకే.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఏం చెబుతుందంటే, సంఘటన ఎక్కడ జరిగితే అక్కడే రాయాలి. ఏ ఊరివాళ్ళన్నది కాదు, ఎక్కడ పుట్టారన్నదే లెక్క.

శివారు మనిషి
నవంబరు 4, ఉదయం 7:05

అంటే ఆ నూట యాభై మంది పిల్లలూ ఎక్కడికి పోయారండి మాస్టారూ?

తణుకు ఆడపడుచు
నవంబరు 4, ఉదయం 7:31

బాబాయ్ గారూ, మీ ఇంట్లో చివరగా పుట్టిన బిడ్డ ఎక్కడ పుట్టింది?

శివారు మనిషి
నవంబరు 4, ఉదయం 7:40

మా మనవరాలమ్మా. కిందటేడు శ్రావణంలో. తొలిచూలు కదా, ఏడో నెలలో సీమంతం చేసి వాళ్ళ అమ్మావాళ్ళు పురిటికి తీసుకెళ్ళారు. మీ తణుకులోనే ఆసుపత్రిలో...

ఆయ్. అర్థమైంది.

తణుకు ఆడపడుచు
నవంబరు 4, ఉదయం 7:44

😀 మీ మనవరాలు మా మున్సిపాలిటీ లెక్కండి. మా వదిన కొడుకు భీమవరం లెక్క.

సబ్‌సెంటర్ అక్క
నవంబరు 4, మధ్యాహ్నం 2:15

డెల్టాలోనే ఒక ఉపకేంద్రంలో ఏఎన్ఎంని. ఈ గొడవ నాకు రోజూ ఉన్నదే, కాస్త వివరంగా రాస్తాను.

మా పంచాయతీ కార్యదర్శి గారి రిజిస్టరూ, నా రిజిస్టరూ పక్కపక్కన పెడితే రెండూ ఒక ఊరివని ఎవరూ అనుకోరు. ఆయన దగ్గర జననాలు దాదాపు ఉండవు, ఎందుకంటే ఇళ్ళల్లో కాన్పులే లేవు. కుర్రోడు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే చూడండి, ఆంధ్రాలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఆసుపత్రులన్నీ టౌనులో. మిగిలిన ఆ కొద్దిపాటి కాన్పులు కూడా 108 బండిలో, దారి మీద.

నా రిజిస్టరు అలా కాదు. అర్హులైన దంపతులు ఎవరు, ఎవరికి నెల తప్పింది, చివరి బహిష్టు తేదీ ఎప్పుడు, కాన్పు తేదీ ఎప్పుడు, అంతా ఇంటింటి లెక్క. ఆశా అక్క ముందు కనిపెడుతుంది, నేను రాస్తాను. కాన్పు కాకినాడలో అయినా హైదరాబాదులో అయినా ఫోన్ చేసి అడిగి బిడ్డ బరువుతో సహా ఎక్కిస్తాను. మీకు కావాల్సిన నూట యాభై అక్కడ దొరుకుతుంది.

నా దాంట్లో తప్పులు లేవని కాదు. మూడో నెలలో ఇక్కడ పేరు రాయించుకుని ఏడో నెలలో పుట్టింటికి పోతారు. అక్కడి ఏఎన్ఎం కూడా రాస్తుంది. అందుకే ఒక్కో గర్భిణికి ఒక్కో నంబరు ఇచ్చారు. ఆ కార్డు అత్తారింట్లో బీరువాలో పెట్టి వెళ్ళిపోతే కొత్త నంబరు పుడుతుంది, ఒకే కడుపుకి రెండు లెక్కలు. అలాగే మా ఊరి ఆడపిల్లలు పురిటికి వస్తారు, వాళ్ళకి టీకాలూ మాత్రలూ నేనే ఇస్తాను, కానీ వాళ్ళు మా జనాభా కాదు. సంక్రాంతికి ముందూ తర్వాతా నా దగ్గర గర్భిణుల సంఖ్య ఒకలా ఉండదండి. పై అధికారులు "ఈ నెల ఎందుకు పెరిగారు" అని అడుగుతారు. పండగండీ అంటే రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

శివారు ఊళ్ళలో ఇంకో చిక్కు. అద్దెకుండేవాళ్ళు. లేఅవుట్లలో మేస్త్రీలు, కూలీలు, ఒడిశా నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళు. ఆరునెలలకోసారి మారిపోతారు. వాళ్ళ బిడ్డకి టీకా తప్పితే ఏ ఊరి లోటు?

పాత ఎన్యూమరేటరు
నవంబరు 4, సాయంత్రం 5:50

బాగా చెప్పారమ్మా. మరణాల సంగతి కూడా అంటాను. అక్కడ గాలి ఎదురు తిరుగుతుంది. మనవైపు ఆసుపత్రిలో "ఇక లాభం లేదు, తీసుకెళ్ళిపోండి" అనగానే ఏం చేస్తాం? ఆక్సిజన్ పెట్టించి బండెక్కించి ఇంటికి తెచ్చేస్తాం. ఇంట్లో పోతే పంచాయతీ లెక్క. పుట్టడానికి టౌనుకి పోతున్నాం, పోవడానికి ఊరికొస్తున్నాం. అందుకే ఆ రిజిస్టరు చూస్తే ఊరు శ్మశానంలా కనబడుతుంది.

శివారు మనిషి
నవంబరు 4, రాత్రి 8:30

మా నాన్నగారిని కాకినాడ నుంచి అలాగే తెచ్చామండి. గుమ్మం దాటించి చాప మీద పడుకోబెట్టాక పది నిమిషాలున్నారు. మర్నాడు సర్టిఫికెట్ కోసం పంచాయతీకి నేనే వెళ్ళాను. అప్పుడు లెక్క సంగతి తట్టలేదు.

కాకినాడ కుర్రోడు
నవంబరు 4, రాత్రి 9:15

ఒప్పుకున్నా మాస్టారూ, తొందరపడ్డా. కానీ జిల్లా మొత్తం మీద 5 శాతమే పెరగడం రిజిస్టరు తప్పు కాదుగా, అది జనగణన. ఇంకో అనుమానం కూడా ఉంది. 2011లో తూర్పు గోదావరిలో మగవాళ్ళు 25,69,688, ఆడవాళ్ళు 25,84,608. అంటే 14,920 మంది ఆడవాళ్ళే ఎక్కువ. వెయ్యికి 1006. పశ్చిమలో 1004. 2001లో రెండు చోట్లా వెయ్యికి తక్కువే. మనవైపు ఆడపిల్లల్ని బాగా చూసుకుంటున్నారనుకోవచ్చా?

పిల్లల డాక్టరు
నవంబరు 5, ఉదయం 6:55

ఆ 1006 చూసి మురిసిపోకండి. అది పిల్లల అంకె కాదు, అన్ని వయసులదీ కలిపి. మగవాళ్ళు ముందు పోతున్నారు, ఆడవాళ్ళు డెబ్భై, ఎనభై దాకా ఉంటున్నారు. ప్రతి వీధిలో ఒంటరిగా ఉండే మామ్మలు ఎందరో, తాతలు ఎందరో లెక్కపెట్టి చూడండి, తెలుస్తుంది. దానికి తోడు మగవాళ్ళు పనికోసం బయటికి పోతే ఇక్కడి లెక్కలో తగ్గుతారు.

ఆడపిల్లల సంగతి తెలియాలంటే పుట్టినప్పటి నిష్పత్తి చూడాలి. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే రాష్ట్రం మొత్తం జనంలో వెయ్యి మంది మగవాళ్ళకి 1,045 మంది ఆడవాళ్ళు కనిపించారు. అదే ముందు అయిదేళ్ళలో పుట్టినవాళ్ళలో చూస్తే 934. సహజంగా అయితే 950 చుట్టుపక్కల ఉండాలి. అంతకు ముందు సర్వేలో 914 ఉండేది, కొంత నయమే. స్కానింగులో ఆడా మగా చెప్పకూడదన్న చట్టం వచ్చింది 1994లో. ఇంకా ఎవరో చెబుతూనే ఉన్నారన్నమాట.

శిశు మరణాలు మాత్రం తగ్గాయి. అది మనం నిజంగానే చెప్పుకోవచ్చు. 2020లో వెయ్యి మంది పుడితే ఏడాది లోపు పోయేవాళ్ళు రాష్ట్రంలో 24. నేను చదువుకునే రోజుల్లో ఈ అంకె ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

రాజోలు పిల్ల, కువైట్
నవంబరు 5, మధ్యాహ్నం 12:40

మగవాళ్ళు బయటికి పోతారని రాశారు డాక్టరు గారు. మా కోనసీమ నుంచి వచ్చి చూడండి సార్. మా వీధిలో ఇంటికో ఆడమనిషి కువైట్లోనో మస్కట్లోనో ఉంది. నేను 2009లో వచ్చాను. 2011లో లెక్కకొచ్చినప్పుడు మా అమ్మ నా పేరు చెబితే మాస్టారు రాసుకోలేదట. ఇక్కడ ఇంటిపనికి ఉన్నాను, ఇక్కడివాళ్ళలో నేను లెక్క కాదు. అక్కడా కాను. నా పిల్లాడు మాత్రం మా అమ్మ దగ్గర లెక్కలో ఉన్నాడు.

పాత ఎన్యూమరేటరు
నవంబరు 5, మధ్యాహ్నం 1:30

రాసుకోని ఆ మాస్టారు నాలాంటివాడే అయ్యుంటాడు తల్లీ. నిబంధన అదే. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఆ ఇంట్లో ఒక్కరోజైనా లేని మనిషిని రాయకూడదు. నేనూ అలా ఎందరు తల్లుల్ని "ఇక్కడ లేదుగా అమ్మా" అని కొట్టేశానో. ఒకావిడైతే బిడ్డ ఫొటో గోడ మీంచి తీసుకొచ్చి చూపించింది, "ఇదిగో ఉందిగా" అని.

లంకల వాసి
నవంబరు 5, సాయంత్రం 6:10

ఆరోగ్యం అన్నారు కాబట్టి నాదీ ఒకటి. బోదకాలు మాట ఎవరూ ఎత్తరేంటండీ? మా తాత కాలు చూసి పెరిగినవాణ్ణి. పంచె ఎప్పుడూ మడమల దాకా కట్టేవాడు. గోదావరి జిల్లాలంటే బోదకాలుకి పెట్టింది పేరు. రాజమండ్రిలో దానికోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖ పెట్టారంటే చూడండి.

మా ఊళ్ళో సరదా కథ ఒకటుంది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు రక్తంలో కనబడవు, రాత్రి పొద్దుపోయాకే పైకి వస్తాయి. అందుకని రక్తం తీసేవాళ్ళు రాత్రి పది దాటాక వస్తారు. ఓసారి మా వీధిలోకి టార్చిలైట్లు వేసుకుని వస్తే దొంగలనుకుని కర్రలు తీశారు. మా మావయ్య ముందు కర్ర ఎత్తి, తర్వాత వేలు చాపాడు.

2004లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి మాత్రలు మింగించారు కదా, ఇప్పుడు మా లంకలో కొత్తగా కాలు వాచినవాళ్ళు నాకు కనబడలేదు. మరి ఇంకా ఎందుకు మింగమంటారు?

సబ్‌సెంటర్ అక్క
నవంబరు 5, రాత్రి 8:45

తమ్ముడూ, కాలు వాచేది దోమ కుట్టిన ఎన్నో ఏళ్ళకి. ఈరోజు వాపు లేదంటే ఈరోజు పురుగు లేదని కాదు. ఆ మాత్రలు, అంటే డీఈసీ, ఆల్బెండజోల్, రక్తంలో ఉన్న పిల్ల పురుగుల్ని చంపుతాయి. దోమకి దొరక్కుండా చేయడమే దాని పని. పెద్ద పురుగు కొన్నేళ్ళు బతుకుతుంది కాబట్టి ఒక్క ఏడాది మింగి మానేస్తే లాభం లేదు. నా ఎదురుగానే మింగమనేది అందుకే. చేతికిస్తే కిటికీలో పెట్టుకుంటారు, తర్వాత వెళ్తే మాత్రకి చీమలు పట్టి ఉంటాయి. రెండేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బు చేసినవాళ్ళకీ ఇవ్వం.

శివారు మనిషి గారికి ఇది ముఖ్యం. ఈ దోమ పొలంలో దోమ కాదు, మురికినీటి దోమ. క్యూలెక్స్. కొత్త లేఅవుట్లలో రోడ్డేస్తారు, ఇళ్ళు కడతారు, మురుగు పోయే దారి మాత్రం వేయరు. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి పాత దోమతెర గుడ్డ ముక్క కట్టండి, ఖర్చు లేని పని. మా ఊళ్ళో చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది.

భీమవరం వదిన
నవంబరు 5, రాత్రి 9:30

కాన్పుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా చుట్టాల్లో గత అయిదేళ్ళలో మామూలు కాన్పు అయినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇది మా చుట్టాల జబ్బా, జిల్లా జబ్బా?

పిల్లల డాక్టరు
నవంబరు 5, రాత్రి 10:05

రాష్ట్రం జబ్బమ్మా. ఆ సర్వే ప్రకారం ఆంధ్రాలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 27 దాకా, ప్రైవేటులో 63.

భీమవరం వదిన
నవంబరు 5, రాత్రి 10:12

అంటే ప్రైవేటు వాళ్ళు డబ్బుల కోసం కోసేస్తున్నారనేగా!

పిల్లల డాక్టరు
నవంబరు 5, రాత్రి 10:31

కొందరు, అవును. కానీ పంచాంగం చేతిలో పెట్టుకుని "ఉత్తరా నక్షత్రంలోనే, ఉదయం 9:40 లోపు" అని వచ్చేవాళ్ళ సంగతి కూడా రాయండి. చిన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు రాత్రి ఉండడు, పగలే ముగించేద్దామనుకుంటారు. ఇద్దరు పిల్లలు చాలనుకునేవాళ్ళు రెండో కాన్పుతో పాటే ట్యూబులు కూడా కట్టించుకోవాలనుకుంటారు. పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రం మనది, దేశంలోనే ఎక్కువ. మగవాళ్ళు చేయించుకున్నది ఒక శాతం కూడా లేదు. దాని గురించి ఎవరూ ఇక్కడ చర్చ మొదలుపెట్టరు.

నిర్వాహకులు
నవంబరు 6, ఉదయం 8:00

సిజేరియన్ల మీద తర్వాత వచ్చిన పన్నెండు వ్యాఖ్యలు వేరే చర్చకి మార్చాం. ఆసుపత్రుల పేర్లు రాసినవి తీసేశాం. ఏ ముఖ్యమంత్రి గొప్ప అన్న వాదన కూడా ఇక్కడొద్దు.

కాకినాడ కుర్రోడు
నవంబరు 6, ఉదయం 11:20

ఊళ్ళో మరణాలు పంచాయతీలోనే నమోదవుతాయి కదా. మరి దేనివల్ల పోతున్నారో కూడా ఆ రిజిస్టరు చెబుతుందా? అది తెలిస్తే అర్జీ గట్టిగా ఉంటుంది.

పిల్లల డాక్టరు
నవంబరు 6, మధ్యాహ్నం 3:10

చెప్పదు. ఇంట్లో పోయినవాళ్ళకి కారణం దగ్గర "వృద్ధాప్యం", "గుండె ఆగి" అని ఉంటుంది. గుండె ఆగకుండా ఎవరు పోతారు?

కానీ మన అదృష్టం కొద్దీ ఈ డెల్టాలోనే మంచి పని ఒకటి జరిగింది. 2003–04లో రెండు గోదావరి జిల్లాల్లోనూ కలిపి 45 గ్రామాల్లో, మరణం జరిగిన ప్రతి ఇంటికీ ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళారు. ఎన్నాళ్ళు జబ్బు పడ్డారు, ఆయాసం ఉందా, కాళ్ళు వాచాయా, మూతి వంకర పోయిందా అని ఇంటివాళ్ళని వరసగా అడిగి రాసుకున్నారు. ఆ జవాబుల్ని డాక్టర్లు చదివి కారణం తేల్చారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి చేసిన పని అది. ఏడాదిలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండెపోటు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బులు. ప్రమాదాలూ విషాలూ ఉరులూ కలిపి 13 శాతం. అంటురోగాలు 12 శాతం మాత్రమే. పల్లెటూళ్ళలో జనం విరేచనాలతోనూ జ్వరాలతోనూ పోతారని అందరం అనుకుంటున్న రోజుల్లో వచ్చిన లెక్క ఇది. ఆ ఊళ్ళలోనే ముప్ఫై దాటినవాళ్ళని పరీక్షిస్తే నూటికి 13 మందికి చక్కెర జబ్బు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. వరి కోతకి యంత్రం రాకముందు, చెరువు గట్టుకి కూడా మోటారు సైకిలు మీద పోయే రోజులు పూర్తిగా రాకముందు.

శివారు మనిషి గారూ, అర్జీలో ఇది రాయండి. మీ ఉపకేంద్రానికి బీపీ మిషనూ, షుగరు స్ట్రిప్పులూ, నెలనెలా మాత్రలూ కావాలి. కాన్పు బల్ల అడిగితే అది స్టోరు గదిలో పడుంటుంది.

పాలకొల్లు రైతు
నవంబరు 6, రాత్రి 7:55

నీళ్ళ మాట ఎవరన్నా అంటారేమోనని చూస్తున్నా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పట్నుంచీ మేం తాగేదీ, స్నానం చేసేదీ, గేదెల్ని కడిగేదీ ఆ కాలవే. ఇప్పుడు దానికి రెండు గట్లా చెరువులు. రొయ్యల చెరువు నీళ్ళు మార్చిన రోజు మురుగు కాలవ వాసన చూడాలి. బోరేస్తే ఉప్పు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మంచినీళ్ళ చెరువులో నిలవ చేసిన నీళ్ళు మే నెలకి ఆకుపచ్చగా తిరుగుతాయి. నా చెరువులు కూడా ఉన్నాయండి, దాచను. అయిదెకరాలు. నేను తాగేది మాత్రం టిన్ను నీళ్ళే.

ఎవరికే జబ్బొచ్చినా నీళ్ళ వల్లే అంటాం. ఎక్కడా ఏ వీధిలో ఎందరికి వచ్చిందో రాసిపెట్టిన లెక్క లేదు.

పిల్లల డాక్టరు
నవంబరు 6, రాత్రి 9:20

ఏలూరు గుర్తుందా? 2020 డిసెంబరు మొదటి వారం. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛతో పడిపోయారు, ఆరువందల మందికి పైగా. ముందు నీళ్ళన్నారు, తర్వాత కూరగాయలన్నారు, బ్లీచింగన్నారు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఎక్కువున్నాయన్నారు. పురుగుమందుల మీదకీ అనుమానం పోయింది. ఊరూ వీధీ రాసిన కేసుల జాబితా పక్కన పెట్టుకోకపోతే ఎంత పెద్ద ప్రయోగశాలైనా చీకట్లో చెయ్యి పెట్టినట్టే. మీరన్న వీధి లెక్క అందుకే కావాలి.

శివారు మనిషి
నవంబరు 9, రాత్రి 8:15

మూడు రోజులు కనబడలేదని ఒకరిద్దరు అడిగారు. మా ఏఎన్ఎం అమ్మాయి వెనకాల తిరుగుతున్నానండి.

ముందు ఆవిడ అనుమానంగా చూసింది, "ఎవరి మీద ఫిర్యాదండీ?" అని. సంగతి చెబితే కుర్చీ వేసింది. పేర్లు చూపించలేదు, చూపించకూడదంది, కూడికలు మాత్రం చెప్పింది. మాస్టారు వేసిన లెక్కకి కొంచెం తక్కువగా ఉన్నాయి జననాలు. ఆ వృద్ధాశ్రమం ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. మండలంలో అడిగితే మైదాన ప్రాంతంలో ఉపకేంద్రం ఒకటికి 5 వేల జనాభా అన్నారు. మాకు పదివేలున్నారంటే "ఏ లెక్క ప్రకారం?" అన్నారు. వాళ్ళు చూసేది 2011 జనగణనేనట. ఆ లెక్కలో మా ఊరు ఒక ఉపకేంద్రానికే సరిపోతుంది. అప్పటికి ఈ లేఅవుట్లలో జమ్ము మొలిచి ఉంది కదండీ. పద్నాలుగేళ్ళ కిందటి జనానికే ఇప్పటికీ మాత్రలు లెక్కగట్టి పంపుతున్నారన్నమాట.

పాత ఎన్యూమరేటరు
నవంబరు 9, రాత్రి 9:00

2021లో జరగాల్సింది జరగలేదు, దాని ఫలితం ఇదే. కొత్త జనగణన ప్రకటన 2025 జూన్ 16న వచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య ఇళ్ళ జాబితా, జనం లెక్క 2027 మార్చి 1 నాటికి. అంటే గోదావరి పుష్కరాలకి ముందే అయిపోతుంది, లేకపోతే రాజమండ్రి జనాభా చూసి దేశం బెంబేలెత్తేది.

మీ ఊరికి ఇంకో మెలిక ఉంది. జనం 5 వేలు దాటి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్ళలో ముప్పాతిక వంతు మంది వ్యవసాయం కాని పనులు చేస్తుంటే జనగణన ఆ ఊరిని పట్టణం కింద రాస్తుంది, పంచాయతీ అయినా సరే. ధవళేశ్వరాన్ని అలాగే రాశారు. మన డెల్టాలో 400 ఎక్కడైనా దాటుతుంది. 2011లో పశ్చిమ గోదావరి మొత్తం మీదే 500 పైమాట. కాబట్టి ఇళ్ళ లెక్కకొచ్చినవాళ్ళకి లేఅవుట్లు ఒక్కటీ వదలకుండా చూపించండి. అద్దెవాళ్ళ తలుపులు కూడా కొట్టించండి. తాళం వేసిన ఇల్లు చూస్తే నాలాంటివాడు కూడా పక్కింటికి పోయేవాడు, ఎండ మరి.

శివారు మనిషి
నవంబరు 9, రాత్రి 9:25

మావాడు, కోడలు, మనవరాలు హైదరాబాదులో ఉంటారండి. బియ్యం కార్డులో ఇక్కడే ఉన్నారు. నా ఇంట్లో రాయించెయ్యనా? ముగ్గురు కలుస్తారు ఊరికి.

పాత ఎన్యూమరేటరు
నవంబరు 9, రాత్రి 9:31

రాయించకండి. అక్కడా రాస్తారు వాళ్ళని.

రాజోలు పిల్ల, కువైట్
నవంబరు 9, రాత్రి 9:48

మాస్టారూ, 2027 ఫిబ్రవరిలో నాకు సెలవు దొరికితే? వారం రోజులు.

పాత ఎన్యూమరేటరు
నవంబరు 9, రాత్రి 10:02

పాత నిబంధనే ఉంటే, లెక్క జరిగే రోజుల్లో ఇంట్లో ఉంటే రాస్తారమ్మా. టిక్కెట్టు కొనేముందు తేదీలు ఇక్కడ అడుగు, చూసి చెబుతాను.

సబ్‌సెంటర్ అక్క
నవంబరు 10, ఉదయం 7:10

శివారు మనిషి గారూ, మనవరాలు కిందటేడు శ్రావణంలో పుట్టిందన్నారు. సంక్రాంతికి పదిహేడో నెల నడుస్తుంటుంది. తట్టు, రుబెల్లా రెండో డోసు పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేయాలి. హైదరాబాదులో వేయిస్తారా, ఇక్కడేనా?

శివారు మనిషి
నవంబరు 10, ఉదయం 7:35

ఇప్పుడే కోడలికి ఫోన్ చేశానండి. ఇంకా వేళ కాలేదట, ఇక్కడే వేయిద్దామంది. పండక్కి వచ్చేటప్పుడు కార్డు పట్టుకురమ్మన్నాను. మా ఏఎన్ఎం అమ్మాయికి కూడా చెప్పాను. అప్పటి బుధవారం టీకాల లెక్కలో మాత్రం మా పిల్ల మా ఊరిదేనంది.